గిన్నెలో బియ్యం, యాప్‌లో అన్నం

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 42 ఏళ్లు. ఉప్పల్‌లో ఉంటాం. అమీర్‌పేటలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, మెట్రోలో వెళ్లొస్తాను. ఎత్తు 156 సెంటీమీటర్లు. నాలుగు నెలల కిందట 74 కిలోలు ఉండేదాన్ని. 2,400 రూపాయలు కట్టి ఒక డైట్ యాప్ ఏడాది ప్రీమియం తీసుకున్నాను, చేతికి వాచీ కూడా కొన్నాను. మొదటి రెండు నెలల్లో మూడు కిలోలు తగ్గాను. తర్వాత ఏడు వారాలుగా 71 దగ్గరే ఆగిపోయింది. యాప్ ఇచ్చిన 1,300 కేలరీలు దాటడం లేదు. నా వంతు బియ్యం 80 గ్రాములు తూచి, చిన్న గిన్నెలో విడిగా పెట్టుకుంటున్నాను. ఒకే ఇంట్లో రెండు గిన్నెల అన్నమేమిటని అత్తయ్య బాధపడుతున్నారు. మా వారేమో యాప్ తప్పు, తీసెయ్ అంటారు. రివ్యూల్లో చూస్తే అందరూ పది కిలోలు, ఇరవై కిలోలు తగ్గామని రాస్తున్నారు. లోపం నాలోనే ఉందా? ఇంతకంటే మంచి యాప్ ఉంటే పేరు చెప్పండి. అత్తయ్యకు షుగర్ ఉంది, ఆవిడ ఫోన్‌లోనూ ఒకటి వేయమంటారా? నేను ఏం తింటున్నానో తెలియడానికి మూడు రోజుల స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను. ఇంకో మాట. నన్ను చూసి, పదో తరగతి చదివే మా అమ్మాయి కూడా తన ఫోన్‌లో అదే యాప్ వేసుకుంది. రాత్రి అన్నం మానేసింది. ఈ వయసులోనే క్రమశిక్షణ వచ్చిందని సంతోషంగా ఉంది.
— ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలన్నింటికీ జవాబు చెబుతాను. కానీ మీరు అడగని దానితో మొదలుపెట్టనివ్వండి. ఉత్తరం చివర, పోతూ పోతూ చెప్పినట్టు మీ అమ్మాయి గురించి రాశారే, నేను రెండుసార్లు వెనక్కి వెళ్లి చదివింది అదే. అది క్రమశిక్షణ కాకపోవచ్చు. ఈ వారం మీ బరువు సంగతి పక్కన పెట్టినా నష్టం లేదు. అమ్మాయి సంగతి మాత్రం పక్కన పెట్టకండి.

పదిహేనేళ్ల పిల్ల ఇంకా పెరుగుతూ ఉంటుంది. ఎముక చాలావరకు గట్టిపడేది ఈ కొన్నేళ్లలోనే. నెలసరి మొదలయ్యాక ఐరన్ అవసరం పెరుగుతుంది. చదువుకీ ఆటకీ శక్తి కావాలి. ఆ యాప్ లెక్కంతా పెరగడం ఆగిపోయిన పెద్దవాళ్ల కోసం వేసింది. కొన్ని కేలరీ యాప్‌లు తమ నిబంధనల్లోనే 18 ఏళ్లు నిండినవాళ్లకే అని రాసుకుంటాయి. పుట్టిన సంవత్సరం మార్చి కొడితే మాత్రం లోపలికి రానిస్తాయి. ఎదుట ఉన్నది పదో తరగతి పిల్ల అని ఫోన్‌కి తెలియదు. తక్కువ తిన్న రోజు ఆకుపచ్చ రంగు చూపించి శభాష్ అంటుంది, అంతే.

నేను డైటీషియన్‌గా పనిచేస్తున్న ఇన్నేళ్లలో అలా శభాష్ అనిపించుకున్న పిల్లలు కొందరు నా దగ్గరకు వచ్చారు. ఒక ఇంటర్ అమ్మాయిని వాళ్లమ్మ జుట్టు రాలిపోతోందని తీసుకొచ్చింది. ఆ పిల్ల ఫోన్ తీసి చూపిస్తే తొంభై రోజులుగా ఒక్క పూట కూడా వదలకుండా రాసిన లెక్క. అన్నీ ఆకుపచ్చే. మూడు నెలలుగా నెలసరి రాలేదన్న సంగతి ఆ తొంభై రోజుల లెక్కలో ఎక్కడా లేదు, తల్లికీ తెలియదు. ఆ తల్లి కూడా మొదట్లో మీలాగే సంతోషించింది. అందులో ఆమె తప్పేమీ లేదు, పిల్ల కొవ్వు తినడం లేదు, చిరుతిళ్లు మానేసింది అంటే ఏ తల్లికైనా మంచిగానే కనిపిస్తుంది.

కాబట్టి ఈ రోజే, తిట్టకుండా, ఫోన్ లాక్కోకుండా, పక్కన కూర్చుని నాలుగు సంగతులు తెలుసుకోండి. రాత్రి అన్నం బదులు ఏం తింటోంది? పొద్దున టిఫిన్, స్కూలుకి ఇచ్చిన బాక్సు పూర్తిగా తింటోందా, లేక బాక్సు కడిగేసి తెస్తోందా? నెలసరి సరిగా వస్తోందా? కళ్లు తిరగడం, చలి, చిరాకు ఉన్నాయా? ఒకవేళ భోజనం వేళకి ఏదో సాకు చెప్పి తప్పుకుంటున్నా, తిన్నది దాస్తున్నా, అర్ధరాత్రి గదిలో వ్యాయామం చేస్తున్నా, బరువు వేగంగా పడిపోతున్నా ఆగకండి, పిల్లల డాక్టర్‌కి చూపించండి. మనసు సంగతి మాట్లాడాలంటే టెలీ మానస్ 14416 ఉంది. అది ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ సేవ, తెలుగులో మాట్లాడతారు. ఇవేవీ లేకపోతే మంచిదే. అప్పుడు చేయాల్సింది చిన్న పనే. ఆ యాప్ తన ఫోన్‌లోంచి తీసేయడానికి ఒప్పించండి. ఒప్పించడానికి మీ చేతిలో ఉన్న దారి ఒక్కటే, భోజనం దగ్గర మీరూ ఫోన్ తీయకపోవడం. మీ ఇంట్లో కంచం ముందు ఫోన్ పెట్టి కూర కొలవడం ఆ పిల్ల మీ దగ్గరే నేర్చుకుంది.

ఇప్పుడు మీ సంగతి. లోపం మీలో ఉందా అని అడిగారు. లేదు. మీరు అకౌంట్స్ చూసే మనిషి కాబట్టి మీ భాషలోనే చెబుతాను. మీ లెక్క రాయడంలో నిజాయితీ ఉంది, కానీ పద్దులు తప్పు ఖాతాలో పడ్డాయి. మీ స్క్రీన్‌షాట్లు తెరిచి కూర్చుంటే మూడు చోట్ల అది కనిపించింది.

మొదటిది మీ చిన్న గిన్నె. మంగళవారం మధ్యాహ్నం దగ్గర ‘కుక్డ్ రైస్, 80 గ్రాములు, 104 కేలరీలు’ అని ఉంది. కానీ మీరు తూచింది అన్నం కాదు, బియ్యం. ఎనభై గ్రాముల బియ్యం ఉడికి దించేసరికి 200 నుంచి 240 గ్రాముల అన్నమవుతుంది. లోపలికి వచ్చింది నీళ్లే కాబట్టి కేలరీలు పెరగవు. కానీ వంద గ్రాముల బియ్యానికి సుమారు 350 కేలరీలైతే, వంద గ్రాముల అన్నానికి 130 చిల్లర. అంటే మీ గిన్నెలో ఉన్నది 280 కేలరీలు, రాసింది 104. ఒక్క పూటకు 175 తేడా. రోజూ అదే పూట, అదే గిన్నె, ఏడు వారాలు. నా దగ్గరకు యాప్ పట్టుకొచ్చే వాళ్లలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పప్పుకీ ఇంతే, ఉప్మా రవ్వకీ ఇంతే. వండకముందు తూచితే వండని పేరు మీద రాయాలి, వండాక తూచితే వండిన పేరు మీద రాయాలి. ఈ సంగతి యాప్‌లు పెద్ద అక్షరాలతో చెప్పకపోవడం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది. అన్నం తినే ఊళ్లో అమ్మే యాప్ మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న అది.

రెండోది నూనె. మీ మూడు రోజుల్లోనూ ప్రతి కూర కింద ‘ఆయిల్, ఒక టీస్పూన్’ అని ఉంది. రోజుకి రెండు టీస్పూన్లు, అంటే పది గ్రాములు లెక్క వేశారు. తాలింపు వేసేది మీరో అత్తయ్యో నాకు తెలియదు కానీ, ఎవరైనా సరే తాలింపుకు స్పూన్‌తో కొలిచి పోయరు, చేత్తో వంచుతారు. అందుకే నేను కూరలో నూనె కొలవమని ఎవరికీ చెప్పను, నెల సరుకు చూడమంటాను. మీ ఇంట్లో నలుగురు. నెలకి నాలుగు లీటర్లు అయిపోతోంది అనుకుందాం. అది దాదాపు 3,700 గ్రాములు. నలుగురికీ ముప్పై రోజులకీ పంచితే మనిషికి రోజుకి 30 గ్రాములు. గ్రాము నూనెకి తొమ్మిది కేలరీలు, కాబట్టి 270. మీరు రాస్తున్నది 90. వేపుడుకి పోసి పారేసేది కొంత తీసేసినా వంద పైన తేడా ఉంటుంది, లేకపోతే 180 దాకా ఉంటుంది. మీ ఇంటి డబ్బా సంగతి మీరే చూడండి. నెల మొదట ఎన్ని లీటర్లు తెచ్చారు, నెలాఖరుకి ఎంత మిగిలింది. దీనికి యాప్ అక్కర్లేదు, కిరాణా చీటీ చాలు.

మూడోది మీ వాచీ. గురువారం సాయంత్రం 6,500 అడుగులకి 380 కేలరీలు ఖర్చయ్యాయని చూపించింది. యాప్ వెంటనే ఆ 380ని మీ రోజు కోటాకి కలిపింది, మీరు రాత్రి రెండు చపాతీలు అదనంగా వేసుకున్నారు. యాప్ ఇచ్చింది కాబట్టే తీసుకున్నారు, మిమ్మల్ని ఏమనగలం. కానీ 71 కిలోల మనిషి నాలుగున్నర కిలోమీటర్లు మామూలు వేగంతో నడిస్తే, కూర్చుని ఉంటే ఎలాగూ ఖర్చయ్యేది తీసేయగా, మిగిలేది 150 నుంచి 200 మధ్య. మిగతా అంకె వాచీ ఊహ. 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఏడు రకాల చేతి పరికరాలను 60 మంది మీద పరీక్షించారు. గుండె వేగం చాలావరకు బాగానే చెప్పాయి. కేలరీల దగ్గర మాత్రం అన్నింటిలో మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అన్నింటికన్నా వెనకబడింది 93 శాతం. వాచీ నాడి పట్టుకోగలదు, ఎన్ని అడుగులు వేశారో కూడా చెప్పగలదు. ఎంత కరిగిందో మాత్రం అంచనాయే. ఆ అంచనా మీద చపాతీ వేసుకోకూడదు. సెట్టింగ్స్‌లో వ్యాయామం కేలరీలు కలిపే ఎంపిక ఉంటుంది, దాన్ని ఆపేయండి.

ఇప్పుడు మూడూ కలపండి. బియ్యం దగ్గర 175, నూనె దగ్గర 100 నుంచి 180, వాచీ దగ్గర దాదాపు 200. మొత్తం ఐదు వందలకి అటూ ఇటూ. మీ 1,300కి కలిపితే సుమారు 1,800. మీ వయసుకీ ఎత్తుకీ బరువుకీ కదలకుండా పడుకుంటే ఖర్చయ్యేదే 1,300 చిల్లర. మెట్రో మెట్లు, ఇంటి పని, సాయంత్రం నడక కలిపితే ఒక రోజు ఖర్చు 1,700 నుంచి 1,850 దాకా వస్తుంది. వచ్చినంతా పోతోంది, అందుకే కాటా కదలడం లేదు. శరీరం మొరాయించలేదు, మీరు మోసం చేయలేదు. మొదటి రెండు నెలలు ఎందుకు తగ్గాను అంటారేమో. అప్పుడు చాయ్‌లో చక్కెర, సాయంత్రం బిస్కెట్లు, మిర్చి బజ్జీలు ఒక్కసారిగా ఆపేసి ఉంటారు. కొత్తగా లెక్క మొదలుపెట్టినవాళ్లు చాలామంది అలాగే చేస్తారు. తప్పు పద్దులున్నా ఆ మిగులు సరిపోయింది.

ఆదివారం స్క్రీన్‌షాట్ మీద ఎక్కువ మాట్లాడను. ‘చికెన్ బిర్యానీ, ఒక ప్లేట్, 290’ అని ఉంది. మన ఊళ్లో బయట కట్టించే సింగిల్‌ని వంటింటి కాటా మీద పెట్టండి, చాలాచోట్ల అర కిలో దగ్గరకి వస్తుంది. దానికి 290 అన్న అంకె ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు. బిర్యానీ తినండి, సగం ప్యాకెట్ తినండి, ఆ రోజు లెక్క రాయకండి.

ఆ అంకె ఎక్కడిది అన్న మాట వచ్చింది కాబట్టి వేరే యాప్ సంగతి కూడా ఇక్కడే చెబుతాను. మీకు కొత్త యాప్ అక్కర్లేదు. యాప్ మారిస్తే అదే బియ్యాన్ని కొత్త తెర మీద అన్నం అని రాస్తారు. కాకపోతే ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఎక్కడుందో తెలిస్తే మంచిది. మై ఫిట్‌నెస్ పాల్ లాంటి వాటి జాబితా అంత పెద్దగా ఉండటానికి కారణం, వాడేవాళ్లు కూడా తమకు తోచిన పేరుతో, తోచిన అంకెతో పదార్థాలు చేర్చగలగడం. గోంగూర పప్పు అని వెతికితే ఒకదానికొకటి పొంతన లేని అంకెలు వస్తాయి. క్రోనోమీటర్ లాంటిది సరిచూసిన పట్టికల మీద ఆధారపడుతుంది, కానీ మన పెసరట్టు, పచ్చి పులుసు దానిలో వెతికి వెతికి అలసిపోతాం. 2012లో బెంగళూరులో హెల్దిఫైమీ పేరుతో మొదలైన హెల్దిఫైలో మన తిండి, మన గిన్నె కొలతలు బాగా దొరుకుతాయి, కానీ మీ గిన్నె వాళ్ల గిన్నె ఒకటి కాదు. మీ ఇంటి గిన్నెలో, గరిటెలో ఒకసారి నీళ్లు పోసి ఎన్ని మిల్లీలీటర్లో కొలిచి పెట్టుకుంటే ఏ యాప్ అయినా సగం సరిపోతుంది.

అసలు మన తిండి అంకెలకు పుట్టిల్లు మీరు రోజూ దాటే తార్నాకలోనే ఉంది. మీ మెట్రో ఆగే స్టేషన్‌కి దగ్గర్లోనే జాతీయ పోషకాహార సంస్థ, ఎన్‌ఐఎన్. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. మన దేశంలో తినే 528 రకాల ఆహార పదార్థాలను పరీక్షించి వాళ్లు 2017లో వేసిన పట్టికలు ఉన్నాయి. న్యూట్రిఫై ఇండియా నౌ అనే ఉచిత యాప్ కూడా వాళ్లదే. మీ యాప్‌లో ఏదైనా అంకె మీద అనుమానం వస్తే అక్కడ సరిచూసుకోండి. 2024లో ఆ సంస్థ ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో 2,000 కేలరీల రోజుకి ఒక నమూనా పళ్లెం ఉంది: ధాన్యం 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85, కూరగాయలు 400, పండ్లు 100, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజలు 35, నూనె కొవ్వు 27 గ్రాములు. ధాన్యం, పప్పు తూకాలు వండకముందువి. మీ మూడు రోజుల్లో నాకు కనిపించని వస్తువు కూరగాయ. రెండు స్పూన్ల వేపుడు, కొంచెం చారులో ములక్కాడ. అన్నం గ్రాముల్లో తగ్గించారు కానీ ఆ ఖాళీ దేనితోనూ నింపలేదు. అందుకే రాత్రి పదిన్నరకి ఆకలి వేసి యాప్ ఇచ్చిన చపాతీల మీద పడుతున్నారు.

రివ్యూల గురించి. అవి అబద్ధాలని నేను అనను. ఇరవై కిలోలు తగ్గిన మనిషి ఆ సంతోషంలో రాస్తాడు. పది రోజులు వాడి విసిగినవాడు ఏమీ రాయకుండా తీసేస్తాడు. నెలన్నర తర్వాత తగ్గింది తిరిగి వచ్చినవాళ్లు సిగ్గుపడి రాయరు. మీరు చదివేది గెలిచిన రోజు రాసినవి మాత్రమే. ఆ మనిషి ఏడాది తర్వాత ఎంత ఉన్నాడో ఎవరూ అడగరు. 2016లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ఒకటుంది. అమెరికాలో 471 మంది యువతీయువకులు, రెండేళ్లు. అందరికీ ఆహారం, వ్యాయామం మీద సలహాలు అందాయి. ఆరు నెలల తర్వాత సగం మందికి శరీరానికి తగిలించుకునే కొలత పరికరం ఇచ్చారు. మిగతావాళ్లు తమ వ్యాయామం తామే రాసుకున్నారు. రెండేళ్లకి పరికరం ఉన్నవాళ్లు సగటున మూడున్నర కిలోలు తగ్గితే, లేనివాళ్లు 5.9 కిలోలు తగ్గారు. యాప్‌లన్నీ పనికిరావని దీనికి అర్థం కాదు. పరికరం కొన్నంత మాత్రాన ఎక్కువ తగ్గుతామన్న నమ్మకం మాత్రం అక్కడ నిలబడలేదు.

నా దగ్గరకు వచ్చేవాళ్లలో యాప్ బాగా ఉపయోగపడినవాళ్లూ ఉన్నారు. మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్ చేసే ఒక కుర్రాడు మూడు వారాలు రాశాక తన కేలరీల్లో మూడో వంతు తెల్లవారుజామున తాగే చాయ్‌లు, వాటితో తినే ఉస్మానియా బిస్కెట్లలోంచే వస్తోందని కనిపెట్టాడు. అది తెలిశాక యాప్ మూసేశాడు, బిస్కెట్లు తగ్గించాడు, మళ్లీ తెరవలేదు. ప్రొటీన్ ఎంత తక్కువ తింటున్నారో మొదటిసారి చూసి రెండు గుడ్లు, గిన్నెడు పెసలు చేర్చుకున్న స్కూల్ టీచర్ ఉన్నారు. ఇద్దరూ కొన్నాళ్లు వాడి తెలుసుకుని వదిలేశారు. చెడిపోయినవాళ్లు ఎక్కువగా వదలలేనివాళ్లు. పెళ్లి భోజనంలో కూర్చుని వడ్డించేవాడిని ఎన్ని గ్రాములని అడిగే స్థితికి వచ్చినవాళ్లు. ఒక రోజు లెక్క తప్పితే ఇక ఎలాగూ పోయిందని వారమంతా తినేసినవాళ్లు. మీరు అటువైపు ఒక అడుగు వేశారని నా భయం, ఎందుకంటే మీ గురువారం స్క్రీన్‌షాట్‌లో రాత్రి 10:40కి ఇంకో 1,900 అడుగులు ఉన్నాయి. పదివేలు పూర్తి చేయాలనే హాల్లో అటూ ఇటూ తిరిగారు కదూ.

ఆ పదివేల అంకె వైద్య పరిశోధనలోంచి వచ్చింది కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత జపాన్‌లో నడక మీద మోజు పెరిగినప్పుడు ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరానికి ‘పదివేల అడుగుల మీటరు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టి అమ్మింది. అక్కడినుంచి అది ప్రపంచమంతా పాకింది. 2019లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, సగటు వయసు 72 ఉన్న 16,741 మంది స్త్రీలను చూస్తే, రోజుకి 4,400 అడుగులు నడిచేవాళ్లలో 2,700 నడిచేవాళ్లకంటే మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దగ్గరికి వచ్చేసరికి లాభం పెరగడం ఆగిపోయింది. మీ వయసు వేరు, కాబట్టి ఆ అంకెలు మీకు అచ్చంగా అతకవు. రాత్రి పదిన్నరకి నిద్ర మానుకుని హాల్లో తిరగాల్సిన పని మాత్రం లేదు. ఇంకో సంగతి, చీర కట్టుకునే రోజు ఇంట్లో ఫోన్ ఎక్కడో పెట్టి పని చేస్తాం, వాచీ లేనివాళ్లకి ఆ అడుగులేవీ పడవు. గుంతల రోడ్డులో ఆటో ఎక్కితే కొన్ని ఫోన్లు నడవని అడుగులు కూడా రాసేస్తాయి.

అత్తయ్య గారికి కేలరీ యాప్ వద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. షుగర్‌కి ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్లు యాప్ మాట విని తిండి తగ్గిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది. చెమటలు, వణుకు, తికమక, ఒక్కోసారి స్పృహ తప్పడం. ఆవిడకి కావలసింది ఒక నోటు పుస్తకం. పరగడుపున ఎంత, భోజనం చేసిన రెండు గంటలకి ఎంత, ఆ పూట ఏం తిన్నారు అని మీ అమ్మాయి చేత రాయించండి. డాక్టర్ దగ్గరకి వెళ్లినప్పుడు ఆ పుస్తకం తీసుకెళ్లండి. తిండి మార్చాలంటే మందు మోతాదు కూడా ఆయనతో మాట్లాడే మార్చాలి.

ఆవిడ రెండు గిన్నెల అన్నం అని బాధపడటం కూడా చిన్న విషయం కాదు. ఒక ఇంట్లో ఒక మనిషి అన్నం విడిగా ఉడుకుతుంటే, వండిపెట్టే పెద్దావిడకి తన చేతి తిండి కోడలికి పడటం లేదన్నట్టు ఉంటుంది. ఆ చిన్న గిన్నె అవసరం ఇప్పుడు లేదు. అందరి అన్నం ఒకే కుక్కర్‌లో పెట్టండి. ఉడికాక మీ కంచంలో ఒక గిన్నెతో పెట్టుకోండి. ఆ గిన్నెలో ఎంత అన్నం పడుతుందో ఒక్కసారి తూచి గుర్తుపెట్టుకుంటే చాలు. 150 గ్రాముల అన్నమంటే 200 కేలరీలు. అది తిన్నాక ఇంకో గిన్నె కావాలనిపిస్తే ముందు రెండు గరిటెల కూర, పప్పు వేసుకోండి. నూనె డబ్బా సంగతి అత్తయ్యతో కలిసి చూడండి. షుగర్‌కీ అదే మంచిది కాబట్టి అది మీ ఒక్కరి డైటు కాదు, ఇంటి వంట అవుతుంది.

డబ్బు కట్టాను కదా, వదిలేస్తే వృథా అంటారేమో. కట్టిన డబ్బు కోసం ఇంకో ఎనిమిది నెలలు టెన్షన్ పడటం దానికన్నా పెద్ద నష్టం. కానీ ఒక పని మాత్రం మరవకండి. యాప్ ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన చందా ఆగదు. నేను ఒకసారి అలాగే తీసేసి ఊరుకుంటే, ఏడాది తిరిగేసరికి నా ఖాతాలోంచి మళ్లీ డబ్బు పోయింది. తిరిగి ఇమ్మని ఆ కంపెనీకి రాసిన మూడు మెయిళ్లకీ జవాబు రాలేదు. ఆటోపేలో డబ్బు తీసుకునే ఒక రోజు ముందు మెసేజ్ రావాలి, ఆ మెసేజ్ ఎన్నో ప్రకటనల మధ్య వస్తే మనం చూడం. ప్లే స్టోర్‌లో మీ బొమ్మ మీద నొక్కి సబ్‌స్క్రిప్షన్ల దగ్గర రద్దు చేయండి. యూపీఐ నుంచి కట్టి ఉంటే ఆ యాప్‌లో ఆటోపే విభాగంలో కూడా చూసి ఆపండి.

నడక నమోదు చేసే యాప్‌కి మీ ఇల్లు ఎక్కడో తెలుస్తుంది, ఏ వేళకి బయటికి వస్తారో కూడా. స్ట్రావా అనే యాప్ పెట్టిన పటంలో సైనిక స్థావరాల్లో పరుగెత్తినవాళ్ల దారులు 2018లో బయటపడ్డాయి. అదే ఏడాది మై ఫిట్‌నెస్ పాల్‌లోంచి 15 కోట్ల ఖాతాల వివరాలు దొంగల చేతికి వెళ్లాయి. మీ నడకను అందరికీ కనబడేలా పెట్టకండి, ఇంటి చుట్టుపక్కల దారి దాచే ఎంపికను ఆన్ చేయండి, పాస్‌వర్డ్ బ్యాంకుదీ దానిదీ ఒకటి ఉంచకండి.

ఇక మీరు చేయాల్సింది. ఇంకో రెండు వారాలు, సరైన పద్దులతో రాయండి. అన్నం అన్నంగా, నూనె నెల లెక్కతో, వ్యాయామం కలపకుండా. రాయడం కంచం ముందు కాదు, రాత్రి అంట్లు అయ్యాక ఒక్కసారి. ఆ రెండు వారాల్లో సగటు 1,500 నుంచి 1,600 మధ్య ఉంటే చాలు, 1,300కి దిగాల్సిన పని లేదు. తర్వాత యాప్ మూసేయండి. బరువు వారానికి ఒక్కసారి, ఒకే రోజు, పొద్దున్నే చూసుకుని వంటింటి క్యాలెండర్ మీద రాయండి. ఆవకాయ తిన్న మర్నాడు, నెలసరి ముందు కిలో దాకా పెరిగితే అది నీరు, కంగారు పడకండి. టైలర్ టేపుతో నెలకోసారి నడుము కొలవండి. మనదేశపు స్త్రీలకి 80 సెంటీమీటర్లు హద్దు అంటారు. కాటా కదలని నెలలో కూడా ఒక్కోసారి టేపు కదులుతుంది. రెండు నెలలు ఇలా సాగినా ఏమీ మారకపోతే థైరాయిడ్, షుగర్ పరీక్ష చేయించుకోండి, మీ వయసులో ఎలాగూ ఒకసారి చూసుకోవడం మంచిదే. సాయంత్రం నడకకి అమ్మాయిని తోడు తీసుకెళ్లండి, వాచీ ఇంట్లో పెట్టి.

నెల తర్వాత నాకు మళ్లీ రాయండి. మీ బరువు రాయకపోయినా ఫర్వాలేదు. అమ్మాయి రాత్రి మీతో కూర్చుని ఏం తింటోందో మాత్రం తప్పకుండా రాయండి, ఎదురుచూస్తుంటాను.